పేరెత్తని జబ్బు

నాకు నోరెక్కువ. అమెరికాలో, చాండ్లర్‌లో మా అమ్మాయి నమ్రత ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ళ మనవరాలు మేధ చేతిలోంచి పాలగ్లాసు జారిపోయినప్పుడల్లా, "ఏమే, చేతులకు వెన్న రాసుకున్నావా?" అని కసిరేదాన్ని.

"నేను కాదు అమ్మమ్మా, హ్యాండే అలా చేస్తోంది" అనేది.

పాపిష్టిదాన్ని, నవ్వేశాను. వచ్చిన ఎక్కాలు మరిచిపోయింది. మెట్లమీద తడబడింది, ఊరికే ఏడ్చింది. బద్ధకమనుకుని నమ్రత ఐప్యాడ్ దాచేసింది. చివరికి పిల్ల భుజం పదేపదే ఉలికిపడుతుంటే ఆసుపత్రికి పరుగెత్తాం.

మెదడు డాక్టరమ్మ పరీక్ష కాగితాలు చూసి ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"నో డాక్టర్, చికెన్‌పాక్స్ ఒక్కటే" అంది నమ్రత.

నా కోసం ఫోన్లో పెట్టిన దుబాసీ అమ్మాయి, "చిన్నప్పుడు పాపకి తట్టు వచ్చిందా అని అడుగుతున్నారండీ" అంది.

తట్టు! నా ప్రాణం కాకినాడ ఇంట్లో వాలింది. మేధకు అప్పుడు పదకొండో నెల. పుట్టువెంట్రుకలు తీయించడానికి అమెరికా నుంచి వచ్చారు. తట్టు టీకా అక్కడికి తిరిగి వెళ్ళాక వేయిద్దామనుకున్నారు. పదో రోజున జ్వరం, ఎర్రటి కళ్ళు, ఒళ్ళంతా దద్దు. గుమ్మానికి వేపమండలు కట్టాను. ఇంట్లో పోపు పెట్టలేదు. తొమ్మిది రోజులూ పిల్లను నా ఒళ్ళోంచి దింపలేదు. జ్వరం తగ్గాక వేపాకు నీళ్ళు పోస్తే చప్పట్లు కొట్టింది, పెరుగన్నం గోరుముద్దలు తింది, నన్ను చూసి 'మ్మమ్మ' అంది. ఎంత చల్లటి రోజులు! వాటిని తలుచుకునే కదా ఇన్నేళ్ళూ మురిసిపోయాను.

"తట్టే వచ్చింది" అన్నాను.

నమ్రత నావైపు తిరిగింది. "అమ్మవారన్నావు కదమ్మా! అంటే చికెన్‌పాక్సేగా? ప్రతి ఫారంలోనూ అదే రాశాను."

"అది ఆటలమ్మ. ఇది చిన్నమ్మవారు, తట్టు. ఒంటిమీద ఉండగా పేరెత్తకూడదు కదే, అమ్మవారనే అన్నాం."

"పోయాకైనా చెప్పొచ్చుగా?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని నెమ్మదిగా చెప్పింది. ఆ తట్టు పురుగు అప్పుడు పూర్తిగా పోలేదట. మెదడులో దాక్కుని ఇప్పుడు తినేస్తోందట. వెన్నులోంచి నీరు తీసి చూస్తే ఖాయమవుతుందట. మందులతో కొందరికి కాస్త నెమ్మదిస్తుందట, నయం కాదట.

"ముందే తెలిసుంటే?" అంది నమ్రత.

ముందే తెలిసినా ఆపలేకపోయేవారట. నాకు ఊరట కలగాలి. కలగలేదు. పెరుగన్నం పెట్టి మురిసిపోయిన ఆ రోజుల్నే తిట్టుకున్నాను, వాటిమీదే బెంగ పెట్టుకున్నాను.

మంచం మీద మేధ కళ్ళు తెరిచింది. "అమ్మమ్మా, నాకేమైంది?"

"జబ్బు చేసింది తల్లీ."

"తగ్గుతుందా?"

నమ్రత నా మొహం చూడలేదు, నేను దాని మొహం చూడలేదు. ఇద్దరం ఒక్కసారే "తగ్గుతుంది" అన్నాం.