ఎడమవైపు మలుపు

కెనడాలోని ఒషావాలో చదువుకుంటున్న ధాత్రికి, మంచుకొండ మీద జారే స్కీలపై కుడివైపు తిరగడం పొద్దున్నే పట్టుబడింది. ఎడమవైపే రావడం లేదు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, ఎటు తిరగాలో దానికి అవతలి కాలి మీద బరువు వేయాలని నేర్పేవాడు చూపించాడు. కుడికాలి మీద బరువు వేయాలంటే మాత్రం ఆమెకు భయం.

ఆమె రూమ్మేట్ సూర్యకుమారికి ముప్పై ఆరేళ్లు. కాకినాడలో లెక్కల టీచరుగా చేసి, నిరుడే స్టూడెంట్ వీసా మీద వచ్చింది. ఆమెకు రెండు మలుపులూ వచ్చేశాయి.

"రావే, పైనుంచి ఒక్కసారి దిగుదాం. నేనున్నానుగా," అని ధాత్రిని కొండ పైదాకా వెళ్లే పెద్ద లిఫ్ట్ ఎక్కించింది.

మధ్యాహ్నానికి ఎండ పోయి మంచు గాజులా గట్టిపడింది. సగం దిగాక సూర్యకుమారి జారి పడి, ఎడమపక్క చెట్ల దాకా దొర్లిపోయింది.

"ధాత్రీ! మోకాలు మెలిపడిపోయిందే! రావే!"

ధాత్రి ఇరవై గజాల పైన ఉంది. కళ్లు మూసినంత పని చేసి కుడికాలి మీద బరువంతా వేసింది. స్కీలు ఎడమకు తిరిగాయి. కానీ దగ్గరికొచ్చేసరికి భయంతో ఒళ్లు వెనక్కి వాలింది. స్కీల ఇనప అంచులు మంచును పట్టలేదు. చెయ్యి చాచితే అందేంత దూరంలో సూర్యకుమారిని దాటి కిందికి జారిపోయింది.

"ఆగు! ఆగవే!"

ముప్పై గజాల కింద పడితేగాని ఆగలేదు. స్కీలు విప్పి ఎక్కబోయింది. ఆ బరువు బూట్లతో రెండడుగులు వేస్తే మూడడుగులు జారింది. అరిచింది. చేతులూపింది. పైన సూర్యకుమారి ఏడుపు వినిపిస్తూనే ఉంది.

చివరికి కొండ మీద గస్తీ తిరిగే మనిషి మంచు మీద లాగే స్లెడ్ తెచ్చి, సూర్యకుమారిని అందులో కట్టి దించుకుపోయాడు. స్లెడ్ ధాత్రి పక్కనుంచే వెళ్లింది. సూర్యకుమారి కళ్లు తెరవలేదు.

ధాత్రి స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, కాస్త జారుతూ, అంచులు గుచ్చి ఆగుతూ, ముప్పావు గంటకు కిందికి చేరింది.

ఫస్ట్ ఎయిడ్ గదిలో సూర్యకుమారి కాలికి కట్టు ఉంది.

"లిగమెంట్ తెగిందేమో అంటున్నారు. అంబులెన్స్ వస్తోంది," అంది. కట్టువైపు చూసుకుని, "నువ్వు ఆగుతావనుకున్నానే," అంది.

"ఆగుడు నాతోని కాలేదక్కా. నిజంగ కాలేదు."

"తెలుసులే." ముఖం గోడవైపు తిప్పుకుంది.

ధాత్రి నేల మీద కూర్చుని, ఆమె రెండో కాలి బూటు విప్పబోయింది. కొంకర్లు పోయిన వేళ్లకు బకిల్ ఊడిరాలేదు. రెండు చేతులతో లాగింది. రాలేదు. కన్నీళ్లు దాని మీదే పడుతున్నాయి.

"లాగకు," అంది సూర్యకుమారి, గోడవైపే చూస్తూ. "పైకెత్తు."