పదిహేడో సాంచా

పొద్దున ఏడు దాటి రెండు నిమిషాలకు పదిహేడో నంబరు సాంచా మళ్లీ మూడు చుట్లు తిరిగింది.

సిరిసిల్ల నుంచి వలసొచ్చిన నేతవాళ్లుండే డిండోలి బస్తీలోని ఒంటిగది ఇంట్లో, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మంగ ఆ వరుసను రెండుసార్లు చదివింది. తిరగడానికి వీల్లేదు. లాక్‌డౌన్‌లో కార్ఖానాలోని సాంచాలకు, అంటే మరమగ్గాలన్నింటికీ, కరెంటు తీసేశారు. షెడ్డులోనే ఉంటున్న పనివాళ్లు కూడా ఐదు రోజుల క్రితం బస్సెక్కి సిరిసిల్ల వెళ్లిపోయారు. ఆ వెంటనే కార్ఖానాకు తాళం పడింది. మంగ పని నేర్చుకుంటోందని, మగ్గాలకు బిగించిన, చుట్లు లెక్కపెట్టే బోర్డులకు మాత్రం సేఠ్ కరెంటు ఉంచాడు.

ఆమె నేర్చుకుంటున్నది ఏజెంట్లు రాయడం. ఏజెంటంటే యంత్రం తరఫున జవాబు చెప్పే చిన్న ప్రోగ్రామ్. ఐదు నిమిషాలకోసారి నెట్‌వర్క్ మీదుగా ప్రశ్న వస్తుంది: ఎన్ని చుట్లు తిరిగావు? ఏజెంట్ బోర్డును చూసి అంకె చెబుతుంది. కదలకూడనిది కదిలితే అడగకుండానే హెచ్చరిక పంపుతుంది. ఐదు రోజులుగా అదే హెచ్చరిక, అదే వేళకు.

పదిహేడో సాంచా ఒకప్పుడు మంగ తండ్రి లక్ష్మీరాజం నడిపినది. ఆయన పోయి మూడేళ్లయింది. తర్వాత అది చిన్నాయన నర్సింగం చేతికి వచ్చింది. ఊరికెళ్లిన బస్సులో నర్సింగం కూడా ఉన్నాడు. ఉన్నాడని, పనివాళ్ల మీద మేస్త్రీ అయిన ముకాదం పేర్ల పట్టీలో టిక్కుంది. బస్సు చేరింది కానీ ఆయన చేరలేదు. ఫోన్ మూగబోయింది. దారిలో ఎక్కడో దిగి ఉంటాడని ముకాదం అన్నాడు. సిరిసిల్ల నుంచి చిన్నమ్మ బాలవ్వ పూటపూటకూ ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతోంది, ఏమన్నా తెలిసిందా బిడ్డా అని.

మంగ తనకు పని నేర్పుతున్న వరుణ్‌కు ఫోన్ చేసింది. రైల్వే క్వార్టర్స్ కుర్రాడు, నెమ్మదస్తుడు. అతను అంతా విని నవ్వాడు.

"దెయ్యం గియ్యం ఏం లేదు మంగా. బోర్డు జవాబివ్వకపోతే నీ ఏజెంట్ ఏం చెప్తోంది? ఒకసారి నీ కోడ్ చూస్కో."

చూసుకుంది. అతను అన్నది నిజమే. బోర్డు పలకకపోతే 'జవాబు లేదు' అనకుండా, దాచుకున్న పాత అంకెనే చెప్పేలా రాసింది. కొత్తవాళ్లు చేసే తప్పే. సిగ్గుపడి దిద్దేసింది. ఫైలు మూయబోతూ, ఐదు రోజుల అంకెలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది.

40212. 40215. 40218. 40221. 40224.

దాచుకున్న జవాబు పెరగదు.

ఎవరో చేత్తో సాంచా చక్రం తిప్పుతున్నారు. చిన్నాయన లోపలే ఉండిపోయాడేమో! బోర్డు బిగించిన రోజున చిన్నాయనతో తనే చెప్పింది, నువ్వు చక్రం జర కదిపినా నాకు ఇంట్లో కనబడుతుందని. మాస్కు కట్టుకుని, తల్లి కనకవ్వను లేపి, సందుల వెంట ఉధనాలోని కార్ఖానాకు పరుగు తీసింది.

సేఠ్ చెప్పనిదే తాళం తియ్యనని వాచ్‌మన్ మొండికేశాడు. కనకవ్వ గేటు ముందు కూర్చుంది.

"అందర్ ఆద్మీ హై భయ్యా, లోపల మనిషున్నడు. లేకుంటే నన్ను లోపలేసి తాళమెయ్."

తాళం తీశాడు.

ఎప్పుడూ మగ్గాల మోతతో చెవులు చిల్లులు పడే ఆ షెడ్డులో ఇప్పుడు తమ ఊపిరి తమకే వినిపిస్తోంది. నేలంతా తెల్లటి నూలు దుమ్ము పరుచుకుని ఉంది. దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. పదిహేడో సాంచా దగ్గర ఎవరూ లేరు.

అప్పుడు వెనక నుంచి మూలుగు వినిపించింది.

నూలు గోదాము తలుపుకు షెడ్డు వైపు నుంచే గొళ్లెం వేసి ఉంది. తీస్తే, బస్తాల మీద నర్సింగం. ఒళ్లు కాలిపోతోంది. బస్సు రోజున జ్వరంతో అక్కడ పడుకున్నాడు. చూడకుండా ఎవరో గొళ్లెం పెట్టారు. పట్టీలో పేరు లేని మనిషొకడు ఆయన పేరు చెప్పి సీట్లో కూర్చున్నాడు. మూలనున్న నీళ్ల డ్రమ్ము ఆయన ప్రాణం నిలబెట్టింది.

వాచ్‌మన్ అంబులెన్సుకు ఫోన్ చేస్తుంటే, మంగ ఆయన నోట్లో నీళ్లు పోసింది.

"చక్రం తిప్పి మంచి పని చేసినవ్ చిన్నాయనా. అది చూసే వచ్చినం."

నర్సింగం అర్థం కానట్టు చూశాడు.

"నేనేడ తిప్పిన బిడ్డా? గొళ్లెం అటు దిక్కుండె గద."

"రోజూ ఏడింటికి, మూడు చుట్లు."

ఆయన తలుపు అవతలి సాంచా వైపు చూశాడు. "మూడు చుట్లు తిప్పి మార్కండేయకు మొక్కుడు మీ బాపు అలవాటు. నాకంత ఓపికేడిది? వచ్చుడు, స్విచ్చేసుడే."

మంగ వెనక్కి తిరిగింది. కనకవ్వ పదిహేడో సాంచా పక్కన నిలబడి ఉంది. షెడ్డులో ప్రతి చక్రం మీదా దుమ్ము మందంగా పేరుకుంది. ఆ ఒక్క చక్రం అంచున మాత్రం, అరచేయి పట్టేంత మేర, ఇనుము నూనె పెట్టినట్టు నిగనిగలాడుతోంది.

మర్నాడు ఏడింటికి మంగ తెర ముందు కూర్చుంది. ఏడు దాటి రెండయింది. ఏడున్నరయింది. అడిగినప్పుడల్లా ఏజెంట్ అదే అంకె చెప్పింది. బోర్డు పలుకుతూనే ఉంది.

కనకవ్వ చాయ్ గ్లాసు పక్కన పెట్టి తెర వైపు చూసింది.

"ఇయ్యాల తిప్పలేదా?"

"లేదమ్మా."

"పనైపాయె గద," అంది కనకవ్వ. ఆ తర్వాత బాలవ్వకు ఫోన్ కలపమంది.