చెయ్యి ఎలా కాలింది

మూడో బకెట్ డాబా మీదికి చేర్చేసరికి ఆమె నడుం పట్టేసింది. రెండింటిలో నీళ్ళు, ఒకదానిలో ఇసుక. "ఫైరింజన్‌కి కూడా కబురు పెట్టావా?" అన్నాడు భర్త, తన ప్రమోషన్ విందుకు వచ్చినవాళ్ళందరికీ వినపడేలా. వాళ్ళు నవ్వారు. "శుభమా అని టపాకాయలు కాల్చుకుంటుంటే ఆ అపశకునపు పనులేంటమ్మా!" అంది అత్తగారు.

ఆమె కూడా నవ్వింది. పదమూడేళ్ళ కాపురంలో తన మీద వేసిన జోకుకి అందరికంటే ముందు తనే నవ్వడం బాగా వంటబట్టింది. ఆయనకి ధైర్యవంతుడని పేరు. ఆ ధైర్యం వెనక బకెట్లు మోసేదీ, పిల్ల చేత నైలాన్ గౌను విప్పించి నూలుది తొడిగేదీ, టపాకాయల డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివేదీ, తెల్లారి డాబా ఊడ్చేదీ ఎవరో ఎవరికీ పట్టదు. పట్టకపోతే పోయె, పైపెచ్చు పిరికిదన్న పేరొకటి.

నాలుగో చిచ్చుబుడ్డి వత్తి కాలి ఊరుకుంది. "దాని జోలికి వెళ్ళకండి, కాసేపాగి నీళ్ళు పోస్తాను," అంది. పక్కన నలుగురుంటే ఆయనకి ఆమె మాట వినపడదు. వంగి, దాని మీద మొహం పెట్టి ఊదాడు. ఆమె పరుగున వెళ్ళి భుజం పట్టి లాగింది. అది భగ్గుమంది. ఆయన మొహం దక్కింది. ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

"మధ్యలో నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు మొహం తడుముకుంటూ.

అత్తగారు టూత్‌పేస్ట్ పట్టుకొచ్చింది. ఆమె వద్దని, కుళాయి కింద చెయ్యి పెట్టి ఇరవై నిమిషాలు నిలబడింది. అక్కణ్ణించే గరిటెలు ఏ అరలో ఉన్నాయో, గ్లాసులు ఎక్కడున్నాయో కేకేసి చెప్పింది. తర్వాత చేతికి శుభ్రమైన గుడ్డ కప్పుకుని ఎడంచేత్తో వడ్డించింది. విందయ్యాక ఆస్పత్రికి వెళ్దామన్నారు. విందయ్యాక, పొద్దున్నే వెళ్దామన్నారు.

పొద్దున ఆస్పత్రి మెట్ల మీద ఆయన గొంతు తగ్గించాడు. "టపాకాయ అనకు. సవాలక్ష ప్రశ్నలేస్తారు, నేనేదో నిర్లక్ష్యంగా కాల్చానంటారు. వంట చేస్తుంటే నూనె చిందిందను. ఆడవాళ్ళకి మామూలేగా!"

మామూలే. చెయ్యీ తనదే, తప్పూ తనదే అయిపోతుంది. వద్దు మొర్రో అని మొత్తుకున్న మనిషి ఒళ్ళు తెలియని మనిషవుతుంది. రేపు పిల్ల అడిగితే అదే కథ, వాళ్ళమ్మ నూనె మీద పోసుకుందని. ఆమెకి మంట చేతిలోంచి గుండెలోకి పాకింది.

"వంట చేస్తుంటేనా?" అంది నర్సు తలెత్తకుండా, అప్పటికే సగం రాసేసి.

"ఆఁ, అవునండీ," అన్నాడు భర్త.

"కొట్టెయ్యండి," అంది ఆమె. "నూనె కాదు, చిచ్చుబుడ్డి. వెలగనిదాని మీద మా ఆయన మొహం పెట్టి ఊదాడు. నేను వద్దన్నాను. అదీ రాయండి."

"అంతా రాయడానికి ఇందులో చోటు లేదమ్మా."

"అయితే కాగితం తిప్పండి."