ముప్పై అంగుళాల గొంతు

నేను ఒక బేస్ గిటార్‌ని. పాటలో నన్ను పనిగట్టుకుని ఎవరూ వినరు, ఆగిపోతే మాత్రం అందరూ తల తిప్పి చూస్తారు. పుట్టింది బొబ్బిలి దగ్గర ఒక వీణల కార్ఖానాలో. నన్ను చెక్కిన గుంపస్వామి నలభై ఏళ్ళుగా వీణలు తప్ప మరొకటి చేసి ఎరగడు.

చేయించుకున్నది కెజియా. విజయనగరంలో ఒక చర్చి పాటల బృందంలో బేస్ వాయిస్తుంది. చిన్న చేతులు. పొడుగు గిటార్ మీద తొమ్మిదేళ్ళు వేళ్ళు చాచి చాచి ఎడమ మణికట్టు పాడు చేసుకుంది. వాయించడం మానెయ్యమన్నాడు డాక్టరు. తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాల నుంచి ముప్పైకి తగ్గితే మెట్లు దగ్గరవుతాయి, చెయ్యి అంతగా సాగనక్కర్లేదు. ఆమెకు నేనే ఆఖరి ఆశ.

గుంపస్వామికి చెక్కంటే ప్రాణం. నా ఒంటికి ఏడేళ్ళు ఆరిన పనస, మెడకు వంగని టేకు ఏరి తెచ్చాడు. "గొంతంతా సెక్కలోనే ఉంటాది తల్లీ" అన్నాడు. నిజానికి నా గొంతులో ఎక్కువ భాగం తీగదీ, దాని కింద ఉన్న అయస్కాంతానిదీ. చెక్క దానికి కాస్త మెరుగు పెడుతుంది, అంతే. కానీ పొగిడితే ఎవరికి చేదు? నోరు మూసుకున్నాను.

చిక్కు పొడవు దగ్గర వచ్చింది. పొట్టి తీగ వదులుగా ఉంటుందనీ, దానికి గంభీరం రాదనీ ఆయన నమ్మకం. కెజియా రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, అలవాటుగా వీణ కొలకర్ర అందుకున్నాడు. తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలతో తేలాను.

కెజియా వచ్చి, నన్ను ఒళ్ళో పెట్టుకుని మొదటి మెట్టుకు వేలు చాచింది. మణికట్టు పట్టేసింది.

"ముప్పై అన్నాను కదా బాబాయ్" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

"పొట్టిదైతే ఆటబొమ్మయిపోద్దని..." ఆయన నసిగాడు.

నాకు సిగ్గేసింది. అప్పటిదాకా నా పొడుగు చూసుకుని మురిసిపోయింది నేనే మరి.

గుంపస్వామి నన్ను తన ఒళ్ళోకి తీసుకుని, మెడ మీద మెట్లు ఒక్కొక్కటే తడిమాడు. తర్వాత రెండో మెట్టు మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి తీగ కింది కొస దాకా కొలిచాడు. ముప్పై పైన పిసరు! ఆ మెట్టు పీకి, మెడ చివర తీగలు ఆనే ఎముక పట్టీని తెచ్చి అక్కడ బిగించాడు. మిగతా మెట్లు వేటినీ కదపాల్సిన పని పడలేదు. తీగ పొట్టిదయ్యేసరికి శ్రుతి పెరిగింది; దించితే తీగలు వదులై మెట్లకు కొట్టుకున్నాయి. లావు తీగలు వేశాక కుదురుకున్నాయి.

కెజియా వాయించింది. మణికట్టు పట్టలేదు. నా గొంతు మెత్తగా, నిండుగా పలికింది.

"సూసేవా, సెక్క మంచిది" అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ.

"అవును బాబాయ్" అంది కెజియా. వాదించలేదు.

పదకొండేళ్ళయింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం వాయిస్తోంది. నా మెడ మీద రెండు మెట్ల మేర పలకని జాగా అలాగే ఉంది. ఇదేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు.

"అది మా బాబాయిది" అంటుంది. "నాది ఇక్కణ్ణుంచి."