మూడో వీధిలో వంపు

2001 ఫిబ్రవరిలో జనాభా లెక్కల పనికి నన్ను తమిళనాడులో మత్తిగిరి శివార్లలో వేశారు. నేనప్పుడు అక్కడి తెలుగు బడిలో టీచరును. మా సొంతవూరు మత్తూరు. హోసూరు పక్కకు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాకిచ్చిన బ్లాకులో రెండు భాగాలున్నాయి. ఒకటి దొడ్డిపల్లె, నలభై గడపల పాత ఊరు. రెండోది శ్రీనివాస నగర్. దొడ్డిపల్లె పొలాల మీదే లేచిన లేఅవుట్ అది. ఆంధ్రా నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో చేరినవాళ్ళు ఎక్కువమంది అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని రాసుకోవడంతో పాటు బ్లాకు మొత్తానికి ఒక పటం కూడా గీసి ఇవ్వాలి.

మనుషుల్ని రాయడం సులువుగానే సాగింది. పటమే సాగలేదు. నగర్‌లో ఏ వీధి చూసినా ఒకటే. అవే గ్రిల్లు గేట్లు, మేడల మీద అవే నల్ల ట్యాంకులు. వీధుల పేర్లు చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. రెండోరోజు ఒకే ఇంటి తలుపు రెండుసార్లు తట్టాను. "పొద్దున రాసుకున్నారు కదండీ" అని ఆ ఇంటావిడ నవ్వింది.

మూడోరోజు దొడ్డిపల్లె చివర వెంకటేశప్ప ఇంటికి వెళ్ళాను. ఆయన చేనికి పోయి ఉన్నాడు. భార్య పిల్లమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. అరవై ఐదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, మాట మాత్రం గట్టిది. ఆమె చాప వేసింది. నేను ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంటూ పోయాను. మా ఫారంలో పెళ్ళయిన ఆడవాళ్ళందరినీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

"మీకు పుట్టిన బిడ్డలు ఎంతమంది అవ్వా?"

"నలుగురు."

"ఇప్పుడుండేది?"

"ముగ్గురు."

రెండు అంకెలూ వేసి కాగితం తిప్పాను. పిల్లమ్మ చేట కింద పెట్టింది.

"అంతేనా? పోయిన బిడ్డను గురించి ఇంకేం అడగరా?"

"అంతే అవ్వా. ఫారంలో అంతే ఉంది."

"పేరు రాసుకొంటారేమో అనుకొన్నా" అంది. మళ్ళీ తానే, "దానికి పేరు లేదులే. పదకొండో దినం పోయింది. పేరు పెట్టే లోపలే" అంది.

కాగితాలు సర్దుకున్నాను. లేవబోతుంటే ఆమె అడిగింది, "నువ్వు ఆ నగర్‌లో ఇల్లిల్లూ పోతావంట కదా. లోపలికి రానిస్తారా?"

"రానిస్తారు."

"అట్లయితే నన్నూ పిలుచుకొని పో తల్లీ. నీకు దారి చూపిస్తా."

ఆమెకు అక్కడ ఏం పనో నాకు తెలియదు. నాకు మాత్రం దారి చూపేవాళ్ళు కావాలి. సరే అన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చేసింది. మంచు ఇంకా తేలిపోలేదు. ఆమె నన్ను నేరుగా పశువుల ఫారం గోడ దగ్గరికి తీసుకుపోయింది. "దీన్ని గుర్తుగా పట్టుకో. ఈ సుట్టుపక్కల మారకుండా ఉండేది ఇదొక్కటే" అంది. తెల్లదొరల కాలంలో ఆ ఫారంలో పటాలానికి గుర్రాలు పెంచేవారట. వెంకటేశప్ప తాత వాటికి గడ్డి కోసేవాడట. గుర్రాల దొడ్డి పక్కనున్న పల్లె కాబట్టి దొడ్డిపల్లె అయిందని చెప్పింది.

ఆ గోడ నుంచి మొదలుపెట్టి నడిచాం. మొదటి వీధి వాళ్ళ ఉలవచేను. రెండో వీధి రాగిచేను. నీళ్ళ ట్యాంకు కట్టిన చోట కళ్ళం ఉండేది. నగర్ పార్కు అని కంచె వేసి వదిలేసిన జాగాలో బండ ఉండేది, దాన్ని మందు పెట్టి పేల్చేశారు. ఆమె చెబుతుంటే నేను పటం మీద పెన్సిల్‌తో సన్నగా ఆ చేల పేర్లు రాసుకున్నాను. అంతవరకూ ఒకేలా కనబడిన వీధులు విడివిడిగా తెలియడం మొదలైంది. నాకు హాయిగా అనిపించింది. ఆమె మాత్రం ప్రతి మూల దగ్గరా ఆగి, కొత్త ఊరికి వచ్చినట్టు చూస్తోంది. 93లో చేను అమ్మినాక ఆమె ఆ పక్కకు రానేలేదట. ఇంటి నుంచి రెండు వందల అడుగులు కూడా లేదు.

మూడో వీధికొచ్చేసరికి నా గీత మళ్ళీ తప్పింది. గోడ దగ్గర నుంచి తిన్నగా వచ్చిన వీధి ఏడో ఇంటి దగ్గర ఒక బండి వెడల్పున పక్కకు జరిగి, ఆ ఇంటి ప్రహరీ చుట్టి, మళ్ళీ తిన్నగా పోతోంది. నేనే తప్పు గీశానేమోనని మూడుసార్లు చెరిపాను.

"ఇక్కడ ఈ వంపు ఎందుకవ్వా?"

పిల్లమ్మ నా మాట వినలేదు. ఫారం గోడ మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వస్తోంది. ఏడో ఇంటి ప్రహరీ దగ్గర ఆగింది. మనిషెత్తు గోడ. లోపలిది కనబడదు. గోడ మీద అరచెయ్యి పెట్టింది.

"ఈడ కానుగ చెట్టు ఉండె. దాని కిందనే గెనిమ గట్టు. మా కాలంలో పసిబిడ్డలు పోతే సొంత చేన్లోనే పెడతాండ్రి. దాన్ని ఈడనే పెట్టినాం" అంది.

నేను పటం మడిచేశాను.

"వాళ్ళకు చెప్పద్దు తల్లీ. ఇల్లు కట్టుకొన్న బిడ్డలు, బయపడిపోతారు. ఒక తూరి చూస్తే చాలు."

ఆ ఇల్లు కోదండరామయ్యది. తెనాలి పక్కవాళ్ళు. ఆయన ఒక గేర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తలుపు తీసిన భార్య హేమావతికి ముప్పై ఏళ్ళు ఉండవు. నాలుగేళ్ళ కూతురు తేజస్విని ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది.

"రండి టీచరుగారూ, లోపలికి రండి. మామ్మగారు ఎవరండీ?"

"ఊరివాళ్ళు. నాకు దారి చూపిస్తున్నారు" అన్నాను.

నేను వరండాలో కూర్చుని రాసుకుంటుంటే పిల్లమ్మ గేటు పక్క మూలకు నడిచింది. అక్కడ చిన్న పందిరి, దాని మీద తీగ. ఆమె ఏడవలేదు. తీగకున్న పండుటాకులు ఒక్కొక్కటే గిల్లి కింద వేసింది. వంగి మట్టి తాకింది.

"నీళ్ళు ఎక్కువ పోస్తాండావమ్మా" అంది హేమావతితో. "వేరు కుళ్ళిపోతుంది."

"అవునాండీ? అందుకేనేమో మా చిక్కుడు పాదు పూత నిలవడంలేదు."

"మేం అవర అంటాం. నేను వచ్చి చూపిస్తాలే."

అలా ఆమెకు ఆ ఇంటికి రావడానికి ఒక పని దొరికింది. నెలాఖరుకు నా లెక్కలు అయిపోయాయి, పటం ఇచ్చేశాను. పిల్లమ్మ మాత్రం రెండు రోజులకొకసారి ఆ గేటు తీసుకుని వెళ్తూనే ఉంది. పాదు చుట్టూ మట్టి గుల్ల చేసేది. కాసేపు అక్కడే నేల మీద కూర్చునేది. తేజస్విని కూడా పక్కన చతికిలబడేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం కోదండరామయ్య బడికి వచ్చాడు. మర్యాదస్థుడు. నిలబడే మాట్లాడాడు.

"మీరు తీసుకొచ్చిన మామ్మగారు వస్తున్నారండీ. రావడం గురించి కాదు. ఆ మూలే కూర్చుంటారు. పాపని ఒళ్ళో పెట్టుకుని ఆ మట్టి కేసే చూస్తుంటారు. నిన్న కళ్ళు తుడుచుకుంటుంటే మా ఆవిడ చూసింది. అసలు సంగతి ఏమిటండీ?"

ఏదో ఒకటి చెప్పి పంపించి ఉండవచ్చు. ఆయన ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయాను. ఉన్నది చెప్పేశాను. ఆయన ముఖం తెల్లబోయింది. "సరేనండీ" అని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత పిల్లమ్మ వెళ్ళేసరికి గేటుకు లోపలి నుంచి తాళం ఉంది. హేమావతి కిటికీలో కనబడి పక్కకు తప్పుకుంది. పిల్లమ్మ అక్కడి నుంచి బడికి వచ్చింది. అక్కడ నాటాలని కొంగులో తెచ్చిన నారుమొక్కలు అలాగే ఉన్నాయి.

"చెప్పేసినావా తల్లీ?"

తలవంచుకున్నాను.

"పోనీలే. నువ్వేం చేస్తావు, అడిగినారు, చెప్పినావు" అని నా భుజం తట్టి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం దొడ్డిపల్లెకు వెళ్ళాను. పిల్లమ్మ ఇంట్లో లేదు. వెంకటేశప్ప కొట్టంలో పేడ తీస్తున్నాడు. పొడుగాటి మనిషి, కొంచెం వంగిపోయాడు. నేను చేసిన తప్పంతా ఆయనతో చెప్పాను. ఆయన పార పక్కన పెట్టి గడప మీద కూర్చున్నాడు.

"అది ఆడికి పోతాండాదా? నాకు తెలీదే. ఊర్లో కెంచమ్మ ఇంటికి పోతానని చెప్తుందే."

పేడ చేతులు గడ్డితో తుడుచుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "మూడో వీధి యాడ వంకర పోతుందో చూసినావా అమ్మా?"

"చూశాను. పటంలో మూడుసార్లు చెరిపి గీశాను."

"అది నేను వంచిందే."

ఆ కథ అప్పుడు చెప్పాడు. బోరు ఎండిపోయి, కొడుకులు భాగాలు అడిగి, చేను అమ్మక తప్పలేదు. లేఅవుట్ వాళ్ళు తాళ్ళు కట్టి వీధులు కొలుస్తుంటే, మూడో తాడు సరిగ్గా బిడ్డను పెట్టిన చోటి మీదుగా పోయింది. దాని మీద లారీలు తిరుగుతాయి. బిడ్డ సంగతి చెబితే వాళ్ళు వింటారో లేదో, విని తవ్వి తీసేయమంటారో. మర్నాడు తెల్లవారకముందే ఆయన వెళ్ళి అక్కడ మట్టి కుప్ప పోసి, నీళ్ళు చల్లి, కన్నాలు చేసి, పసుపు కుంకుమ వేసి వచ్చాడు. కొలిచేవాళ్ళు వచ్చినాక, ఇది నాగుల పుట్ట, దీని మీద దారి వేస్తే నేను వేలిముద్ర వేసేది లేదని భీష్మించాడు. వాళ్ళు భయపడి తాడు పక్కకు జరిపారు.

"అవ్వకు చెప్పలేదా?"

"ఏమని చెప్పేది? చేను ఎట్ల అమ్మినావని అడిగె. దానికే నా దగ్గర జవాబు లేకపాయె. ఇది చెప్తే అది మరిచిపోతుందా?"

లేచి చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని నా వెంట బయల్దేరాడు.

నన్ను చూసి హేమావతి గేటు దాకా వచ్చింది. తాళం తీయలేదు. వెంకటేశప్ప బయటే నిలబడ్డాడు.

"నేను లోపలికి రానమ్మా. ఒక మాట చెప్పి పోతా. పదకొండు దినాల పసిబిడ్డ అది. బతికిండేటప్పుడే గట్టిగా ఏడిచేది తెలీదు దానికి. నిన్ను ఏం చేస్తుంది? మీకు కష్టంగా ఉంటే మేం మళ్ళా రాము. నువ్వు మాత్రం బయపడి గేటు మూసుకొని ఉండద్దు. నీ ఇల్లు ఇది."

హేమావతి ఆయన్ని పరీక్షగా చూసింది.

"మిమ్మల్ని నేను చూశానండీ. ప్రహరీకి తవ్వేటప్పుడు రోజూ వచ్చి నిలబడేవారు. కూలి పని అడగడానికేమో అనుకున్నారు మావారు."

"అవునమ్మా. గడ్డపార యాడ పడుతుందో అని వస్తాంటి. జానెడు దూరంలో ఆగిపోయింది."

హేమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తాళం తీసింది. "మామ్మగారిని పిలుచుకురండి టీచరుగారూ" అంది.

కెంచమ్మ ఇంట్లో ఉన్న పిల్లమ్మను తీసుకొచ్చాను. దారిలో ఏమీ చెప్పలేదు. పందిరి దగ్గర మొగుణ్ణి చూసి ఆమె ఆగిపోయింది. నేను వచ్చేలోపు ఆయన హేమావతికి అంతా చెప్పినట్టున్నాడు. హేమావతే చెప్పింది, "ఈ వీధి పాప కోసం పక్కకి జరిపించారట మామ్మగారూ. పుట్ట ఉందని చెప్పి."

"ఆ పుట్ట నువ్వు పోసిందేనా?" అంది పిల్లమ్మ. "మన చేన్లో పుట్ట యాడిదని నేను అప్పుడే అనుకొన్నా. ఊర్లో అందరూ మొక్కుకొంటిరి."

"ఊ."

"ఎనిమిదేండ్లు నాతో చెప్పకుండా ఉండావే."

"నువ్వు ఆ చేను మాట ఎత్తనిస్తే కదా చెప్పేది."

పిల్లమ్మ నేల మీద కూర్చుంది. ఆయన కూడా కొంచెం దూరంలో కూర్చున్నాడు. హేమావతి కాఫీ తెచ్చి ఇచ్చి, తానూ వాళ్ళ దగ్గరే చతికిలబడి, "పాప ఎలా ఉండేదండీ?" అని అడిగింది. నలభై ఏళ్ళలో వాళ్ళని ఎవరూ అలా అడిగి ఉండరు.

"వెంట్రుకలు ఒత్తుగా ఉండె. మా అమ్మ మాదిరి" అన్నాడు వెంకటేశప్ప.

"యాడివి వెంట్రుకలు? నున్నగా ఉండె. అది పెద్దోడికి" అంది పిల్లమ్మ.

"నేను చూడలేదా? నా చేత్తోనే కదా నూనె రాసింది."

"నువ్వు రాసింది ఒక దినం. నేను రాసింది పది దినాలు."

ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. హేమావతి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. అంతలో కోదండరామయ్య ఉదయం షిఫ్టు దిగి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆయన భయం పూర్తిగా పోలేదని ముఖమే చెబుతోంది. కొంతసేపు అందరినీ చూసి, క్యారియరు గోడ మీద పెట్టాడు. పందిరిని ఆనుకుని బట్టలుతికే బండ ఒకటి ఉంది. సబ్బునీళ్ళు ఆ మట్టిలోకే పారేవి. ఆయన ప్యాంటు మడిచి, బండను ఒక పక్క పట్టుకుని ఎత్తబోయాడు. కదల్లేదు. వెంకటేశప్ప లేచి వెళ్ళి రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఇంటి వెనక్కి మోసుకుపోయారు. "కాళ్ళ మీద వేసుకొనేరు, చూసి" అని పిల్లమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది.

కృష్ణగిరి వేరే జిల్లా అయిన 2004లో నాకు మా మత్తూరుకే బదిలీ అయింది. బయల్దేరే రోజు పిల్లమ్మ, హేమావతి, తేజస్విని బస్టాపుకు వచ్చారు. పాపకు అప్పటికి ఏడేళ్ళు, నా బడిలోనే రెండో తరగతి. బస్సు కదులుతుంటే కిటికీ పక్కన నడుస్తూ, "టీచర్, ఆడ బాగలేకపోతే ఈడికే వచ్చేయండి" అని కేక పెట్టింది. తెనాలి వాళ్ళ అమ్మాయి నోట దొడ్డిపల్లె యాస విని హేమావతి పకపకా నవ్వింది. పిల్లమ్మ మాత్రం పాప చెయ్యి పట్టి వెనక్కి లాగుతూ, బస్సు చక్రాల మీదే చూపు పెట్టి నిలబడింది.