బొట్టు పెట్టిన డిస్కు

తొంభై ఏడులో నారాయణఖేడ్‌లోని మా విత్తనాల సంఘానికి కంప్యూటర్ వచ్చింది. దాని వెంటే ఎలీసబెతు అనే నేనూ తాత్కాలిక ఆపరేటర్‌గా వచ్చాను. కంగ్టి నుంచి కల్హేర్ దాకా ఉన్న సభ్యుల పేర్లు, పొలాలు, విత్తనాల కోటాలు ఎక్కించడం నా పని. అది పూర్తయిన రోజే నన్ను పంపించేస్తామని కార్యదర్శి మాణిక్యప్ప ముందే చెప్పాడు. మా అమ్మ సాలమ్మ మోకాళ్ల నొప్పులతో లేవలేదు, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఎంత తొందరగా పని చేస్తే అంత తొందరగా రోడ్డున పడతానని తెలిసి కూడా వేళ్లు అరిగేలా కొట్టాను. నా తెలివి అలా ఏడిసింది.

ఈ వివరాలన్నీ దాచే పెద్ద మిషన్‌లో రెండు డిస్కులున్నాయి. వాటిని ఎలా అమర్చమంటారని హైదరాబాద్ ఇంజనీరు అడిగాడు. రెండూ కలిపేస్తే చోటు రెట్టింపు, కానీ ఒకటి చెడితే మొత్తం పోతుంది. జంటగా పెడితే రెండింట్లోనూ ఒకటే రాత, ఒకటి చెడినా రెండోది నడిపిస్తుంది. కొన్నవి రెండైతే వాడేది ఒకటా అని మాణిక్యప్పకు మొదట కడుపు మండింది. మొత్తం పోతుందన్న మాట చెవిన పడ్డాక జంటకే ఒప్పుకున్నాడు. రోజూ టేపు మీద కూడా నకలు తీసి విడిగా దాచాలని ఇంజనీరు అన్నాడు, నేనూ అన్నాను. రెండుండగా మూడోది దేనికని మాణిక్యప్ప ఖర్చుల లిస్టులో టేపు కొట్టేసి, ప్రారంభోత్సవానికి షామియానా రాసుకున్నాడు.

పేర్లన్నీ ఎక్కించడం పూర్తయిన రోజే ప్రారంభోత్సవం పెట్టారు. సంఘం అధ్యక్షుడు మొగులప్ప వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. మిషన్ ముందు నిమ్మకాయలు పెట్టి, డిస్కులకు పసుపు కుంకుమలతో బొట్టు పెట్టారు. నన్ను పంపించే కాగితం మాణిక్యప్ప జేబులోంచి తొంగి చూస్తోంది. జంట డిస్కుల మహిమ అధ్యక్షుడికి చూపించాలని ఆయన ఒకటే తహతహ. ఒక డిస్కు బయటికి లాగి చూపించమని ఇంజనీరు చెప్పి వెళ్లాడు కాబట్టి నేను చెయ్యి పెట్టబోయాను.

“బొట్టు పెట్టినదాన్ని పీకుతరా? సభ్యుల లిస్టు మొత్తం తుడిచెయ్. రెండోదాంట్ల ఉంటది గద, వస్తది,” అన్నాడు మాణిక్యప్ప.

ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకుపోతుందని, జంట అంటే అదేనని చెప్పాను. నలుగురిలో ఎదురు చెప్పానని ఆయన మొహం ఎర్రబడింది.

“నాకే సదువు చెప్తున్నవా? ఎట్లాగు నీకు ఇయ్యాలనే ఆఖరు. తుడువు.”

నాకు ఒళ్లు మండింది. మీరు కూడా తుడవమంటారా అని మొగులప్పను అడిగాను. ఆయన తలూపాడు. మీట నొక్కాను.

తెర ఖాళీ అయింది. మాణిక్యప్ప కాసేపు చూశాడు, మిషన్‌ను రెండు తట్లు తట్టాడు, ఇంకో అగర్‌బత్తి వెలిగించాడు. ఏదీ రాలేదు. ఇప్పుడేం చేయాలని మొగులప్ప నన్నే అడిగాడు. దరఖాస్తులు బస్తాల్లో ఉన్నాయి, మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి, ఏడాది పడుతుందని చెప్పాను.

“ఎక్కించేది గీ పిల్లనే గద. ఆఖరు అంటవేంది మాణిక్యప్పా?”

మాణిక్యప్ప కాగితాన్ని జేబు అడుగుకు తోసుకున్నాడు.

మర్నాడు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, ఎన్నడూ లేని మర్యాదతో, ఈసారి మూడు డిస్కులు పెడితే ఎట్లుంటుందని అడిగాడు. మూడింట్లోనూ ఒకటే రాత ఉంటే ఇక పోయే ముచ్చటే లేదని ఆయన లెక్క.

“మస్తుంటది సార్,” అన్నాను.

టేపు మాట ఎత్తలేదు.