మిరుగమొచ్చింది

అరబ్బు దేశంలోని సలాలా తీరానికి దూరంగా సముద్రంలో ఒక రాతి దీవి ఉంది. దాని మీద ఒక పుణ్యపురుషుడి సమాధి. వలీ అంటారు ఆయన్ని. చలికాలంలో సముద్రం నూనె పోసినట్టు నిలిచిపోతుంది. మొక్కులున్నవాళ్లు అప్పుడు పడవల్లో వస్తారు. ఎండలు ముదిరితే రాయి పెనంలా కాలుతుంది, కాలు పెట్టలేరు. ఆ తర్వాత ఖరీఫ్. అక్కడి వానకాలం పేరు అది. మన వానలా దంచి కొట్టదు. గాలి లేస్తుంది, పొగమంచు దిగుతుంది, పిండి జల్లించినట్టు తుంపర పడుతుంది. కెరటాలు మాత్రం తాటిచెట్టంత లేస్తాయి. మూడు నెలలు పడవ తిరగదు. సమాధి కాపలా ముసలాయన కూడా తాళం వేసి ఒడ్డుకు పోతాడు.

యాత్రికులు నీడన కూర్చోవడానికి అక్కడ ఒక గది కట్టే పని తొంభై రెండులో ఒక కంపెనీకి దొరికింది. గోడలు లేపింది దేవయ్య. జగిత్యాల పక్క ఊరు, తాపీపని. సిమెంటు, ఇసుక మాల్ కలిపి అందించేవాడు నర్సింగ్, అదే ఊరివాడు. గోడలయ్యాయి కానీ కప్పు పడలేదు. సముద్రం నలుపు తిరిగింది. సామాను సర్దుకోమని కంపెనీ కబురు పెట్టింది. తీసుకుపోవడానికి వచ్చేదే ఆఖరి పడవ.

ఆ రోజే మిరుగం. పంచాంగంలో మృగశిర కార్తె అని ఉంటుంది, జగిత్యాలలో మిరుగం అంటారు. రోహిణి ఎండలు పోయి వాన మొదలయ్యే రోజు. ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసి మింగాలి. దేవయ్య పొద్దున్నే ఉండలు చేసి గుడ్డలో కట్టాడు. గోడ మీద నిలబడ్డాడు. పడమట నుంచి చల్లటి గాలి వచ్చి ముఖానికి తగిలింది. ఎడారి సైట్లలో మూడేళ్లయింది అలాంటి గాలి తగలక. ఒళ్లు మరిచి కేక పెట్టాడు.

"నర్సిగా! మిరుగమొచ్చిందిరా!"

నర్సింగ్ ఈల వేశాడు. సరిగ్గా అప్పుడే కింద పడవ దిగి ఫోర్‌మన్ కురియన్ మెట్లెక్కి వస్తున్నాడు. కేరళ మనిషి. మిరుగం ఆయన చెవికి మృగంలా వినపడింది. ఆయన భాషలోనూ మృగమంటే జంతువే. మనిషిని అంటే తిట్టు. తను రావడం, పైనుంచి ఆ కేక, ఆ ఈల. ఆయన ముఖం కందగడ్డయింది.

"కిస్కో జాన్వర్ బోలా?" అన్నాడు హిందీలో. పశువని ఎవర్ని అన్నావురా అని.

దేవయ్యకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా చెడగొట్టింది.

"నిన్ను గాదు సాబ్. బారిష్ కా నామ్ హై. వాన పేరు."

"ఎక్కడ బారిష్?" కురియన్ అరచెయ్యి చాపాడు. ఒక్క చుక్క లేదు. "మాఫీ మాంగో. అడగకపోతే నువ్వు పడవెక్కవు. ఇక్కడే సిమెంటుకు కాపలా ఉంటావు."

పడవ మనిషి సాలిం తాడు పట్టుకుని విన్నాడు. హిందీలో మాఫీ అంటే క్షమాపణ. అరబ్బీలో మాఫీ అంటే లేదు అని.

"ఏం మాఫీ? పడవలో జాగా ఉంది కదా!" అన్నాడు సాలిం.

నర్సింగ్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సాలిం మాటే నా మాట సాబ్," అన్నాడు దేవయ్య. "మాఫీ, మాఫీ."

సంగతి తెలిశాక సాలిం ముఖం ముడిచాడు. "ఖరీఫ్‌లో ఇక్కడుండేది వలీ ఒక్కడే. మనిషిని వదిలి నేను పడవ తియ్యను. యల్లా, పదండి, గాలి పెరుగుతోంది."

కురియన్ సముద్రం చూశాడు. ఈత రాని మనిషి. "సరే, ఎక్కు. ఆ మాట మాత్రం మళ్లీ నా సైట్‌లో వినపడొద్దు."

కురియన్ పోయి పడవెక్కాడు. నర్సింగ్ మూటెత్తుకున్నాడు. దేవయ్య కింది మెట్టు దాకా దిగి, మూట దించి అక్కడే కూర్చున్నాడు.

"నేను రాను."

"అన్నా! ఎక్కుమన్నడు గదనే. ఇంకేం గావాలె నీకు?"

"మిరుగాన్ని మిరుగమనక ఏమనాల్రా? మా అయ్య గట్లనే అన్నడు, మా తాత గట్లనే అన్నడు. గీయన వద్దంటే బందువెట్టాల్నా?"

పాస్‌పోర్టు తీసుకుంటే దేవయ్య ఇచ్చాడు. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో కంపెనీ చెబితే సరే అన్నాడు. దేవయ్య అనకుండా కురియన్ దావూద్ అని పిలిచినా పలికాడు. ఈ ఒక్కదానికి మాత్రం తల ఊగలేదు.

"మూడు నెలలు ఉప్పునీళ్లు తాగి బతుకుతవా?" అన్నాడు నర్సింగ్.

"సస్తే వలీ పక్కపొంటి బొందవెట్టు."

కెరటం మెట్టు దాకా వచ్చి దేవయ్య మోకాళ్లు తడిపింది. కదల్లేదు. పడవ రాతికి కొట్టుకుంది. సాలిం అరబ్బీలో గట్టిగా తిట్టాడు, తాడు మాత్రం విప్పలేదు. పడవలో కురియన్ రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మబ్బు కమ్మి మొగులు కిందికి దిగింది. సమాధి మీద తెల్లటి గుమ్మటం కనపడకుండా పోయింది. సన్నగా, చప్పుడు లేకుండా తుంపర మొదలైంది. కురియన్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ తడిశాయి.

"దేవయ్యా, దయచేసి రా," అన్నాడు. దావూద్ అనలేదు.

"నువ్వొకసారి అను సాబ్. మొగులు దిక్కు జూసి అను."

కురియన్ సాలిం వైపు చూశాడు. సాలిం చూపు తిప్పుకున్నాడు.

"మృగం," అన్నాడు కురియన్.

"గది నీ మాట. మిరుగం."

"మిరుగం."

"వచ్చింది."

"మిరుగం వచ్చింది!" కురియన్ అరిచాడు. కోపంగానే అరిచాడు. సముద్రం హోరులో ఆ మాట బాగానే వినపడింది.

దేవయ్య లేచి, మూట నెత్తిన పెట్టుకుని, నడుము లోతు నీళ్లలో దిగి పడవెక్కాడు.

కొంత దూరం పోయాక గుడ్డ విప్పాడు. నర్సింగ్‌కు ఒక ఉండ, సాలింకు ఒకటి. మూడోది కురియన్ ముందు చాపాడు.

"ఏంటిది?"

"మిరుగం నాడు మింగాలె సాబ్."

ఇంగువ ఘాటుకు కురియన్ ముక్కు ముడిచాడు. నోట్లో వేసుకున్నాడు. ఆయన మింగేదాకా దేవయ్య ఆయన ముఖం మీది నుంచి చూపు తియ్యలేదు.